ప్రింట్ గొక్కో

ప్రింట్ గొక్కో అనేది ఇంటి వద్దనే రంగుల బొమ్మలను చేతితో ముద్రించుకోవడానికి ఉపయోగపడిన ఒక చిన్న స్క్రీన్ ప్రింటింగ్ పరికరం. జపాన్‌కు చెందిన రిసో కగాకు సంస్థ దీనిని 1977లో విడుదల చేసింది. ఆ సంస్థ స్థాపకుడైన హయామా నొబోరు దీని రూపకర్త. జపనీస్ భాషలో "గొక్కో" అనగా పిల్లలు ఆడుకొనే ఉత్తుత్తి ఆట; మన పిల్లలు ఉత్తుత్తి కొట్టు పెట్టి బేరాలు ఆడటం వంటిది. పేరు ఆటదే అయినా దీనితో తీసిన ముద్రణ మాత్రం ఆషామాషీగా ఉండదు. యంత్రాల సరఫరా 2008లో నిలిచిపోయింది.

నేపథ్యం

నూతన సంవత్సరానికి బంధుమిత్రులకు "నెంగాజో" అనే పోస్టుకార్డులు పంపడం జపాన్‌లో ఆచారం. డిసెంబరులో అందిన ఈ కార్డులను తపాలా శాఖ దాచి ఉంచి జనవరి 1 నుండి పంచిపెడుతుంది. ఒక్కొక్క కుటుంబం పదుల కొద్దీ కార్డులు పంపవలసి ఉండేది. అన్నింటిపైనా చేతితో బొమ్మ వేయడం కష్టం. అచ్చుకు ఇస్తే సొంత చేతి గుర్తు మిగలదు. ఈ రెంటికీ నడుమ మార్గంగా గొక్కో ఇంటింటికీ చేరింది.

హయామా 1946లో స్టెన్సిల్ ముద్రణ పనితో తన వృత్తిని ప్రారంభించాడు. తెలుగునాట పాఠశాలల్లో ఒకప్పుడు ప్రశ్నపత్రాలు తీసిన సైక్లోస్టైల్ యంత్రం కూడా ఈ కోవకే చెందుతుంది. మైనపు కాగితంపై గీత పడినచోట సిరా దిగుతుంది, మిగిలిన చోట దిగదు. గొక్కోలో ఉన్నదీ ఈ సూత్రమే. కాకపోతే ఇక్కడ గీతను గీసేది ఉక్కు కలం కాదు, వెలుగు.

పనిచేసే విధానం

బొమ్మను కార్బన్ ఉన్న నల్లని సిరాతో గీయాలి. జిరాక్సు ప్రతి కూడా పనికివస్తుంది. కార్బన్ లేని సిరాతో గీసినది ఎంత నల్లగా కనిపించినా పనికిరాదు. సన్నని ప్లాస్టిక్ పొర అంటించిన జల్లెడ వంటి తెరను ఈ బొమ్మపై అదిమి, మూతకు అమర్చిన రెండు ఫ్లాష్ బల్బులను వెలిగిస్తారు. నల్లని గీతలలోని కార్బన్ ఆ వెలుగును గ్రహించి వేడెక్కుతుంది. దానికి తగిలిన చోట మాత్రమే పొర కరిగి రంధ్రాలు పడతాయి. ఇదంతా ఒక్క క్షణంలో ముగుస్తుంది.

తరువాత తెరపై గొట్టాల నుండి చిక్కని రంగులను పిండి, పైన పారదర్శకమైన కాగితం కప్పి, పుస్తకం మూసినట్లు మూతను కార్డుపై అదుముతారు. రంగులు ఒకదానిలో ఒకటి కలవకుండా నడుమ స్పాంజి పట్టీలు అంటిస్తే ఒకే అదుముతో అనేక రంగులు పడతాయి. మామూలు స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకొక తెర కావాలి కనుక ఇది చెప్పుకోదగిన సౌకర్యం. చెక్క అచ్చులలో వలె అక్షరాలను తిరగవేసి గీయనవసరం కూడా లేదు.

తయారీ నిలిచిపోవడం

ఇండ్లలోకి కంప్యూటర్లు, ఇంక్‌జెట్ ప్రింటర్లు వచ్చిన తరువాత గిరాకీ తగ్గింది. తయారీ ఆపనున్నారని 2005లో తెలియగానే అమెరికాలోని చేతిపనుల కళాకారులు దానిని కొనసాగించవలసిందిగా ఇంటర్నెట్‌లో ఉద్యమం నడిపారు. అసలు చిక్కు యంత్రంతో కాదు, బల్బులతో వచ్చింది. ఒకసారి వెలిగిన బల్బు మళ్ళీ పనికిరాదు. ప్రతి కొత్త తెరకూ రెండు కావాలి. 2012 చివరకు సామగ్రి సరఫరా కూడా ఆగిపోవడంతో చెక్కుచెదరని యంత్రాలు సైతం అటకెక్కాయి.

గొక్కో లేకుండా ముద్రించడం

స్క్రీన్ ప్రింటింగ్‌కు ప్రత్యేక యంత్రం తప్పనిసరి కాదు. పాత ఫొటో ఫ్రేము, దానిపై బిగుతుగా లాగి మేకులు కొట్టిన పాలియెస్టర్ లేక ఆర్గండీ గుడ్డ, స్క్వీజీ అనే రబ్బరు పట్టీ, పలుచని కాగితం ఉంటే చాలు. కాగితంలో బొమ్మను కత్తిరించి, తెర కింద ఉంచి, పైనుండి చిక్కని రంగును పట్టీతో ఒకే ఊపున లాగాలి. మొదటి లాగుడుకే రంగు తడికి కాగితం తెరకు అంటుకుంటుంది.

తెర విలువ ఇక్కడే తెలుస్తుంది. వట్టి అట్టలో సున్నను కత్తిరిస్తే నడిమి చుక్క ఊడి పడిపోతుంది. "ం", "ఠ" వంటి అక్షరాలు నిండిన తెలుగు లిపికి ఇది పెద్ద బెడద. తెర ఉన్నప్పుడు ఆ చుక్కను దాని స్థానంలో ఉంచితే చాలు, గుడ్డే దానిని పట్టి ఉంచుతుంది.

రంగు పలుచనైతే గీత అంచులు పాకుతాయి. పని కాగానే తెరను నీటితో కడగాలి. రంగు ఆరితే రంధ్రాలు మూసుకుపోయి తెర చెడిపోతుంది. శుభలేఖలు అచ్చువేసే దుకాణాలలో వెలుగుతో తెర తయారుచేయడానికి వాడుతూ వచ్చిన డైక్రోమేట్ లవణాలు మాత్రం ఇంటికి తగవు. వీటిలోని క్రోమియం చర్మానికి హాని చేయడమే గాక క్యాన్సర్ కారకం కూడా. పిల్లలతో చేయించేటప్పుడు కాగితపు పద్ధతి, నీటిలో కరిగే రంగులు వాడటమే క్షేమం.