కంప్యూటర్ శాస్త్రానికి నోబెల్ ఏది?

నోబెల్ బహుమతుల గురించి జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో మనమంతా చదువుకున్నదే. అయితే వాటిలో కంప్యూటర్ శాస్త్రానికి విడిగా బహుమతి లేదు. ఆ లోటు తీర్చేది ట్యూరింగ్ అవార్డు. అమెరికాలోని ఏసీఎం అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం దీనిని 1966 నుంచి ఏటా ఇస్తోంది. కంప్యూటర్ ఎలా పనిచేయగలదో 1936లోనే సిద్ధాంతంగా చెప్పిన బ్రిటిష్ గణిత శాస్త్రజ్ఞుడు అలాన్ ట్యూరింగ్ పేరు దీనికి పెట్టారు. స్వలింగ సంబంధం నేరమని 1952లో ఆయనను శిక్షించిన దేశం 2009లో గానీ క్షమాపణ చెప్పలేదు. అప్పటికి ఆయన చనిపోయి 55 ఏళ్ళు!

1994లో ఈ అవార్డును ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి అందుకున్న రాజ్ రెడ్డి మన తెలుగువారు. ఆసియా మూలాలున్న వారిలో మొదటివారు కూడా. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. భూమి గల కుటుంబమే, మనలాంటి పరిస్థితి కాదు. అయినా ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి వ్యక్తి ఆయనే.

ఆయనకు అవార్డు వచ్చిందని అందరూ రాస్తారు, ఏం చేశారో రాయరు. అందుకే మేము కాస్త వివరిస్తున్నాం. మనిషి మాటను కంప్యూటరుకు అర్థమయ్యేలా చేయడం ఆయన ముఖ్యమైన కృషి. ఇది ఎందుకు కష్టం? మనం మాట్లాడేటప్పుడు పదానికీ పదానికీ మధ్య ఖాళీ వదలం. ఏమి, అంటివి కలిసి ‘ఏమంటివి’ అయిపోతాయి. ఇత్వ సంధి మనకు తెలుసు, యంత్రానికి తెలియదే! కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1970లలో హియర్‌సే అనే ప్రోగ్రాములు తయారుచేసింది. రెండో హియర్‌సేలో ఒక భాగం శబ్దాలను, ఒకటి పదాలను, మరొకటి వ్యాకరణాన్ని చూస్తుంది. ప్రతిదీ తన ఊహను అందరికీ కనిపించే ఒకే ‘బ్లాక్‌బోర్డు’ మీద రాస్తుంది. ఒకరి ఊహను మరొకరు బలపరుస్తారు లేదా కొట్టేస్తారు. చివరికి అన్నిటికీ పొసిగిన వాక్యం నిలుస్తుంది. అచ్చం మన స్టడీ అవర్లో నలుగురు కలిసి లెక్క చేసినట్టే. 1976 నాటికి అది సుమారు వెయ్యి పదాలతో వాక్యాలను అర్థం చేసుకుంది.

పదో తరగతి మార్కులతో చేరే బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు 2008లో ఏర్పడటం వెనుక కూడా ఆయన కృషి ఉంది.

ఈ అవార్డు ఒక మహిళకు దక్కడానికి మాత్రం 40 ఏళ్ళు పట్టింది. ఇది మాకు మింగుడుపడని విషయం. 2006లో అందుకున్న ఫ్రాన్సెస్ అలెన్ రైతు బిడ్డ, బడిపంతులమ్మ. చదువు కోసం చేసిన అప్పు తీరేవరకే అనుకుని 1957లో ఐబీఎంలో చేరారు. ప్రోగ్రాములను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్లు వేగంగా నడిచే కోడ్ ఇచ్చేలా చేయడం ఆమె కృషి. అప్పు తీరాక కూడా బడికి తిరిగి వెళ్ళలేదు, 2002 దాకా అక్కడే పనిచేశారు.