తెలుగు పాఠము తెరమీదకు వచ్చుటెట్లు?

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మెట్టభూములలో మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్లు కలవు. కర్ణాటకము దగ్గర, కుప్పమునకైతే తమిళనాడు కూడ పొరుగే. పుంగనూరు పేరు చెప్పగానే అందరికి స్ఫురించునది అచ్చటి పొట్టి ఆవు. సుమారు మూడడుగుల ఎత్తునకు మించని ఈ జాతిని పలమనేరు పశుపరిశోధన కేంద్రమున కాపాడుచున్నారు. ఆ ఊరి ఉన్నతపాఠశాలలో జీవశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడొకడు ఈ ఆవును గురించి తెలుగున ఒక వెబ్ పుట తయారు చేయదలచినాడనుకొందము. అతనికి ఏమేమి కావలయును? తెలుగు అక్షరములు కావలయును, వాటిని టైపు చేయు సాధనము, చూపు ఫాంటు కావలయును, బొమ్మలు కావలయును, పుటను పదిమందికి అందించు మార్గము కావలయును. ఇవన్నియు నేడు ఇంటర్నెట్టులో ఉచితముగా దొరకును. అయితే ఉచితముగా దొరకినదెల్ల ఉపాధ్యాయునికి పనికివచ్చునది కాదు. దీనిని తీసుకొనవచ్చునా, మన పిల్లలకు తగినట్లు మార్చవచ్చునా, మార్చినదానిని మరియొకరికి ఈయవచ్చునా? ఈ మూడింటికి అవునని జవాబు వచ్చిన సాధనమే బడికి తగినది.

ఈ ప్రశ్న కంప్యూటరుతో పుట్టినది కాదు. మదనపల్లెకు సమీపమునగల ఋషివ్యాలీలో, 1980ల చివరి నుండి, రామ, పద్మనాభరావు దంపతులు పల్లెబడుల కొరకు ఒక పద్ధతిని రూపొందించిరి. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలు, వారికి ఒక్కడే ఉపాధ్యాయుడు. ఇట్టి బడిలో ఒకే పాఠ్యపుస్తకమును అందరికి ఒకేసారి చెప్పుట సాగదు. అందుచేత వారు పాఠములను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టిరి. ప్రతి కార్డుకు ఒక గుర్తు ఉండును. గోడమీద నిచ్చెనవంటి పటమును చూచి, తాను ఏ మెట్టున ఉన్నదియు, తరువాత ఏ కార్డు తీయవలసినదియు పిల్లవాడే తెలిసికొనును. కార్డులలోనికి ఆ పల్లెల పాటలు, కథలు, పొడుపుకథలు వచ్చి చేరినవి. మొత్తము సామగ్రి ఒక పెట్టెలో ఇముడును గనుక దీనికి ‘పెట్టెలోని బడి’ అని పేరు వచ్చినది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు ఈ పద్ధతిని చూచి వెళ్లి, కన్నడమున తమ స్వంత కార్డులు వ్రాసికొనిరి, అదియే ‘నలికలి’. 2003 నుండి మద్రాసు నగరపాలక సంస్థ బడులలో తమిళమున ఇట్టి పద్ధతియే ప్రవేశించినది. కార్డు కార్డుగా ఉన్నది గనుకనే అది రాష్ట్రముల ఎల్లలు దాటగలిగినది. కుట్టిన పుస్తకమైనచో ఒక పుటను మార్చుటకు పుస్తకమంతయు మరల అచ్చువేయవలసి వచ్చెడిది.

కుప్పములో జరిగిన ప్రయత్నము వేరొక తీరున ఉన్నది. 2002లో రాష్ట్ర ప్రభుత్వమును హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీయు కలిసి అచ్చట ‘ఐ-కమ్యూనిటీ’ అను మూడేండ్ల పథకమును ఆరంభించినవి. పల్లెలలో సమాచార కేంద్రములు తెరచిరి. స్వయంసహాయక సంఘముల స్త్రీలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని నడపుటకు సూర్యకాంతి పలక ఇచ్చి ఫొటోలు తీయుట నేర్పిరి. ఆ సరంజామా చేయు పనిని నేడు చేతిలోని ఫోను చాలవరకు చేయుచున్నది. యంత్రములు ఇట్లే పాతబడును. అది వాటి దోషము కాదు. యంత్రము పోయిన తరువాత కూడ అందు వ్రాసినది నిలిచియుండుట ఎట్లన్నదే ఆలోచింపవలసిన విషయము.

తెలుగు వ్రాతకు ఆ రోజులలో ఈ విషయముననే పెద్ద చిక్కు ఉండెడిది. కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకె మాత్రమే తెలియును. ఏ అక్షరమునకు ఏ అంకె అన్నది అందరు ఒప్పుకొన్న పట్టిక ఉండవలయును. 2000 ప్రాంతమున ఒక్కొక్క తెలుగు పత్రిక తన వెబ్ పుటలకు తన స్వంత ఫాంటును, తన స్వంత అంకెలను వాడెడిది. ఒకరి ఫాంటుతో మరియొకరి పుటను తెరచినచో అర్థము లేని గుర్తులు కనబడెడివి. ఆ పుటలను సామాన్య సంకేతములోనికి మార్చి చూపుటకు ‘పద్మ’ అను ఉచిత సాధనమును ప్రత్యేకముగా నిర్మింపవలసి వచ్చినది.

ఆ సామాన్య సంకేతమే యూనికోడ్. తెలుగు 1991 నాటి దాని మొదటి కూర్పులోనే చేరినది. సాధారణ గృహ కంప్యూటరులోనికి అది వచ్చుటకు మరి పదేండ్లు పట్టినది. ఈ పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. ‘క’ 3093, ‘ప’ 3114, కొమ్ము 3137, సున్న 3074. ‘కుప్పం’ అను మాటను కంప్యూటరు ఇట్లు దాచును: 3093, 3137, 3114, 3149, 3114, 3074. ఇందు 3149 పొల్లు. ‘ప’ తరువాత పొల్లు, దాని తరువాత మరల ‘ప’ వచ్చినచో ‘ప్ప’ అని చూపవలయునని అర్థము. వత్తులకు వేరుగా అంకెలు లేవు. వ్యాకరణ పాఠములో హల్లుకు పొల్లుపెట్టి మరియొక హల్లును చేర్చినట్లే ఇచ్చటను జరుగుచున్నది.

మన కంటికి ‘కుప్పం’లో రెండే అక్షరములు. కంప్యూటరునకు ఆరు అంకెలు. వెబ్ పుటలయందు వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అంకెకు 3 బైట్ల చొప్పున 18 బైట్లు పట్టును. విద్యార్థులు ‘మదనపల్లె’కు, ‘పుంగనూరు’కు లెక్క వేసి చూడవచ్చును. రెండింటికి 24 బైట్లే వచ్చును, కంటికి మాత్రము ఒకదానిలో ఐదు, రెండవదానిలో నాలుగు అక్షరములు కనబడును!

సరిహద్దున ఉన్న కుప్పము వారికి ఈ పట్టికలో ఒక వినోదము కలదు. యూనికోడులో తమిళము, తెలుగు, కన్నడము వరుసగా పక్కపక్కనే ఉన్నవి. భారతీయ లిపులన్నిటిని ఒకే క్రమమున అమర్చిన పూర్వపు ప్రమాణమును అనుసరించుటవలన మూడింటిలోను ఒకే అక్షరము ఒకే వరుసలో ఉండును. తమిళ ‘క’ 2965, తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221. భేదము సరిగా 128. కొన్ని అరుదైన గుర్తులను మినహాయించి, తెలుగు వ్రాతలోని ప్రతి అంకెకు 128 కలిపినచో అదే మాట కన్నడ లిపిలో కనబడును. పదవ తరగతి విద్యార్థి నాలుగు వరుసల ప్రోగ్రాముతో దీనిని చేయగలడు. మారినది లిపియే, భాష మారదు. తమిళము వైపు 128 తీసివేయుట అంత సుళువు కాదు. అచ్చట ఖ, గ, ఘలకు అక్షరములు లేవు గాన ఆ స్థానములు ఖాళీగా ఉన్నవి.

అంకెల వరుసను చదివి వత్తులను, గుణింతములను కూర్చి బొమ్మగా తెరమీద నిలుపు పని రెండింటిది. ఒకటి ఫాంటు, రెండవది కూర్పు యంత్రము. ఫైర్‌ఫాక్సు, క్రోము బ్రౌజర్లలోను, ఆండ్రాయిడ్ ఫోనులలోను ఉన్న ‘హార్ఫ్‌బజ్’ అట్టి కూర్పు యంత్రము. అది ఎవరైనను వాడుకొనదగినది. ఈ పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసినది. ‘జ్ఞ’కును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని ఒక విడదీత గుర్తు చేరిన తెలుగు అక్షరము సందేశముగా వచ్చినంతనే ఆపిల్ ఫోనులలోని కొన్ని అనువర్తనములు కూలిపోయినవి. కొద్దిదినములలోనే కంపెనీ దానిని సవరించినది. ఐదు అంకెల వరుస అంత పని చేసినది.

ఫాంటుల విషయమున తెలుగువారు నేడు దరిద్రులు కారు. పోతన, వేమన పేరులతో ముందే ఉచిత యూనికోడ్ ఫాంటులు వచ్చినవి. 2011 నుండి సిలికానాంధ్ర సహకారముతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మరికొన్నిటిని విడుదల చేసినది. మండలి, గిడుగు, రామభద్ర, రాయల సభలోని కవుల పేళ్లుగల పెద్దన, తిమ్మన ఇందులోనివే. గూగుల్ ఫాంట్స్ అను చోట ఇవి దొరకును. వీటికిచ్చిన అనుమతి పత్రము ప్రకారము ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. రామభద్ర వంటి లావు అక్షరములను శీర్షికలకే ఉంచవలయును. పాఠమంతయు వాటితో నింపినచో చదువరి కండ్లు నొచ్చును. తెలుగు ఫాంటు ఫైలు వందల కిలోబైట్లు ఉండుట కద్దు గనుక, పాఠము వరకు ఫోనులోనే ఉన్న ఫాంటుతో సరిపెట్టుకొనుట మేలు.

టైపు చేయుటకు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి దాదాపు ప్రతి కంప్యూటరులోను ఉన్నది. ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయుట అలవాటైనవారికి 2006లో వచ్చిన ‘లేఖిని’ ఉన్నది. ఏది చేతికి వచ్చినచో అది.

ఇక పుట సంగతి. పుట ఆరంభమున ఇది తెలుగని తెలుపు చిన్న గుర్తును వ్రాయుట అనేకులు మరచిపోవుదురు. గుడ్డి విద్యార్థులకు పుటను చదివి వినిపించు ఎన్‌వీడీఏ వంటి ఉచిత సాధనము, అందలి ఈస్పీక్ గొంతుకు, ఆ గుర్తును చూచియే తెలుగు ఉచ్చారణకు మారగలదు. తెలుగున వత్తులు వరుస క్రిందికి దిగును గాన, ఇంగ్లీషునకు చాలిన వరుసల ఎడము తెలుగునకు చాలదు. అక్షరము ఎత్తునకు ఒకటిన్నర రెట్లు, అంతకు కొంచెమెక్కువ ఉంచుట మంచిది. ఈ మెలకువలన్నియు ఎండీఎన్ అను ఉచిత సూచిక పుటలలో వివరముగా ఉన్నవి. అవి ఇంగ్లీషున ఉన్నను, ఉదాహరణములను చూచియే చాలవరకు నేర్చుకొనవచ్చును.

అన్నిటికంటె ఎక్కువగా జరుగు పొరపాటు మరియొకటి. చేతితో వ్రాసిన పాఠమునో, అచ్చు పుటనో ఫొటో తీసి పంపివేయుట. అది చూచుటకు పాఠమే, కంప్యూటరునకు మాత్రము వట్టి బొమ్మ. వెదకినచో దొరకదు, తప్పును దిద్దుట కుదరదు, చూపు లేనివారికి వినబడదు. బరువును చూడుడు. 4000 అంకెల పాఠమునకు 12,000 బైట్లు చాలును. ఫోనుతో తీసిన ఫొటో ఒక్కటి 40 లక్షల బైట్లు ఉండుట సామాన్యము. ఆ చోటున అట్టి పాఠములు 333 పట్టును. ఆవు ఫొటో కావలసినదే. అయితే దానిని 800 చుక్కల వెడల్పునకు కుదించి పెట్టినచో ఫోను తెరకు చాలును, తెరచుటకు ఆలస్యము కాదు.

ఫొటో స్వయముగా తీసినది కానిచో వికీమీడియా కామన్స్‌లో వెదకవచ్చును. అచ్చటి ప్రతి బొమ్మక్రింద అనుమతి వ్రాసియుండును. క్రియేటివ్ కామన్స్ అను ఈ అనుమతి పత్రములు 2002లో మొదట వెలువడినవి. తీసినవారి పేరు తప్పక వేయవలయునని కొన్ని, మార్చినదానిని అదే అనుమతితో మరల పంచవలయునని కొన్ని నియమించును. వెదకుటలో కనబడిన బొమ్మనెల్ల తీసికొనుట తగదని పిల్లలకు నేర్పుటకు ఇదియే మంచి సమయము. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో నేడు లక్షకు పైగా వ్యాసములు కలవు. పిల్లలు చదువుటకే కాక తమ ఊరి పుటను తామే దిద్దుటకు కూడ అది తగినది. భౌతికశాస్త్రమునకు కొలరాడో విశ్వవిద్యాలయమువారి ‘ఫెట్’ ప్రయోగములు, గణితమునకు జియోజీబ్రా ఎంతయు మెచ్చదగినవి. 2017లో వచ్చిన ‘దీక్ష’లో పాఠ్యపుస్తకములకు సరిపోవు సామగ్రి కలదు, పుస్తకములో అచ్చువేసిన చదరపు గుర్తును ఫోనుతో చూపినచో సంబంధించిన పాఠము తెరచుకొనును.

సంకేతములు సరిగా అందని పల్లెలకు ‘కివిక్స్’ ఉపయోగపడును. తెలుగు వికీపీడియానంతటిని ఒకే ఫైలుగా కట్టి, ఇంటర్నెట్టు లేకయే చదువుటకు వీలు కలిగించు సాధనమది. ఊరిలో ఒకచోట దింపుకొని చిన్న మెమొరీ కార్డుపై బడికి తీసికొని పోవచ్చును. ఉపాధ్యాయుడు చేసిన ఆవు పుట కూడ, బొమ్మలతో ఒకే సంచయముగా ఉంచినచో, ఆ కార్డుపైననే కుప్పమునకు ప్రయాణము చేయగలదు. అచ్చట ఎవరైన విద్యార్థి దానిని తెరచి, ప్రతి అంకెకు 128 కలిపి చూచినచో, పుంగనూరు ఆవు పేరు కన్నడ అక్షరములలో కనబడును. ఆ పేరుక్రింద కన్నడ వాక్యములు వ్రాయుటకు మాత్రము సరిహద్దు అవతలి బడిలోని స్నేహితుని సహాయము కోరవలసినదే.