ఆన్ అంటే ఆగు, ఆఫ్ అంటే సాగు!

ఇంట్లో దీపం స్విచ్ 'ఆన్' చేస్తే వెలుగుతుంది. 'ఆఫ్' చేస్తే ఆరిపోతుంది. ఇది చిన్నపిల్లలకూ తెలిసిన సంగతే. అయితే సికిందరాబాదు లాలాగూడలో రైలు పట్టాల దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ స్టాప్ సిగ్నల్ 'ఆన్'లో ఉంటే రైలు ఆగాలి. 'ఆఫ్' అయితేనే కదలాలి!

లాలాగూడకు రైలు భాష కొత్త కాదు. నిజాం కాలంలో, 1893లో ఇక్కడ రైల్వే వర్క్‌షాప్ వెలసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక అది ఆ రైల్వేలో భాగమైంది. చుట్టుపక్కల పల్లెల నుంచి పనికి వచ్చినవారు సుత్తి, పానాలతో పాటు ఇంగ్లీషు మాటలు కూడా ఇక్కడే పట్టుకున్నారు.

పాతకాలపు చెయ్యి సిగ్నల్‌ను చూసినవారికి ఈ తిరకాసు సులువుగా బోధపడుతుంది. చెయ్యి అడ్డంగా చాచి ఉంటే 'ఆన్', అంటే అడ్డు ఉన్నట్టు. కిందికి వాలితే 'ఆఫ్', అంటే అడ్డు తీసినట్టు. తీగ తెగినా చెయ్యి మళ్ళీ అడ్డానికే వచ్చేటట్లు అమర్చేవారు. రంగు దీపాల సిగ్నళ్ళు వచ్చినా మాటలు మారలేదు. ప్రాణాలతో పని గనుక ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకునే వీలు లేకుండా, 1976 నాటి రైల్వే సాధారణ నియమావళిలో ఈ రెండు మాటలకూ అర్థం కట్టుదిట్టంగా రాసి పెట్టారు.

బిగించేదీ బోల్టే, పారిపోయేదీ బోల్టే

ఒకే మాటకు రెండు ఎదురు అర్థాలుండటం ఇంగ్లీషులో అరుదు కాదు. 'బోల్ట్' బిగిస్తే పట్టా కదలదు. గుర్రం 'బోల్ట్' అయిందంటే తాడు తెంపుకుని పరుగు తీసిందన్నమాట. ఆ మాటకు మొదటి అర్థం బాణం. బాణంలాంటి కడ్డీ గడియ అయింది, బాణంలా దూసుకుపోవడం పరుగు అయింది. 'ఫాస్ట్' సంగతీ అంతే. ఫాస్ట్ రైలు అంటే వేగంగా పోయేది. తాడును 'ఫాస్ట్'గా కట్టారంటే కదలకుండా బిగించారని. గట్టిగా అన్న అర్థమే మొదటిది. గట్టిగా పరుగెత్తడం నుంచి వేగం అన్న అర్థం వచ్చింది.

పైరుకు 'డస్టింగ్' అంటే పొడి మందు చల్లడం. కుర్చీకి 'డస్టింగ్' అంటే దుమ్ము దులపడం. ఒకచోట పొడి వేస్తారు, ఒకచోట తీస్తారు.

సాంక్షన్ తెచ్చే తంటా

ఆఫీసుల్లో ఈ మాటలు మరీ చిక్కు పెడతాయి. సెలవు 'సాంక్షన్' అయిందంటే ఇంటిల్లిపాదికీ సంతోషం. 1998 మే నెలలో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా మన దేశంపై 'సాంక్షన్లు' పెట్టింది. అవి మంజూర్లు కావు, ఆంక్షలు! 'ఓవర్‌సైట్' కూడా ఇలాంటిదే. అధికారి ఓవర్‌సైట్‌లో పని జరిగిందంటే ఆయన దగ్గరుండి చూశారని. ఓవర్‌సైట్ వల్ల పని చెడిందంటే చూడక వదిలేశారని.

మనకూ ఉన్నాయి

ఇంగ్లీషు వారిని చూసి నవ్వే ముందు మన వంటింట్లోకి తొంగి చూడాలి. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం. దీపం ఆరితే 'కొండెక్కింది' అంటాం. అయిపోయింది, ఆరిపోయింది అనడం అశుభమని పెద్దలు మాట మార్చారు. హైదరాబాదు ఉర్దూలో 'కల్' అంటే నిన్నా, రేపూ కూడా. వచ్చాడో, వస్తాడో చూసి రోజు తెలుసుకోవాలి. సంస్కృతంలో 'ఆరాత్' అనే మాటకు దూరం, దగ్గర రెండూ అర్థాలే.

కౌలు కాగితం దగ్గర జాగ్రత్త

మాట్లాడుకునేటప్పుడు పక్క మాటను బట్టి అర్థం తెలిసిపోతుంది. కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడే ప్రమాదం. తెలుగులో కౌలుకిచ్చాడు, కౌలుకు తీసుకున్నాడు అని విడిగా చెబుతాం. ఇంగ్లీషులో 'లీజ్' చేశాడంటే భూమి ఇచ్చినవాడూ కావచ్చు, పుచ్చుకున్నవాడూ కావచ్చు. ఇచ్చేవాడు 'లెసర్', పుచ్చుకునేవాడు 'లెసీ'. తేడా మాట చివరలోనే ఉంది. ఎవరి పేరు ఎక్కడ రాశారో తెలిసినవారి చేత చదివించుకుని, తెలుగులో చెప్పించుకున్న తర్వాతే సంతకం చేయడం రైతుకు క్షేమం. రైలు నడిపేవారు మాటకు అర్థం ముందే తేల్చుకుంటారు. పొలం ఉన్నవారికీ ఆ పద్ధతే మేలు.