కదిలే ఒళ్లు.. కుదురైన మనసు

ఆసనం, అడుగు, ఊపిరి.. ఈ మూడూ మెదడుకు చేసే మేలు గురించి కొన్ని విశేషాలు.

• సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ అనగానే కవాతులు, బహిరంగ సభలు గుర్తొస్తాయి. 2022 జూన్ 21న, అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు, అక్కడ వేలమంది యోగాసనాలు వేశారు. అప్పటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడూ వారితో కలిశారు. 2014లో ఐక్యరాజ్యసమితిలో యోగా దినోత్సవ తీర్మానాన్ని బలపరిచిన దేశాలు 177!

• పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. జపమాల తిప్పుతూ లాటిన్ ప్రార్థన చేసినా, యోగ మంత్రం పఠించినా అది ఆరుకు దగ్గరగా దిగుతుందని 2001లో ఇటలీ పరిశోధకులు గమనించారు. గుండె లయ, రక్తపోటు లయ కూడా ఆ ఊపిరితో జతకలిశాయి.

• మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గించే రసాయనం గాబా. కుంగుబాటు, ఆందోళన ఉన్నవారిలో ఇది తక్కువగా కనిపిస్తుంటుంది. బోస్టన్‌లో జరిగి 2007లో ప్రచురితమైన ఓ చిన్న అధ్యయనంలో, అనుభవజ్ఞులైన సాధకులు గంటసేపు యోగా చేయగానే గాబా 27 శాతం పెరిగింది. ఆ గంట చదువుకుంటూ కూర్చున్నవారిలో మార్పు లేదు.

• గోడ పక్కన వృక్షాసనంలో నిలబడి కళ్లు మూసుకోండి. వెంటనే ఒళ్లు ఊగుతుంది! కళ్లు, లోచెవి, పాదాలు, కండరాలు పంపే సమాచారాన్ని మెదడు కలిపి చూసుకుంటేనే మనం నిలబడగలం. కళ్లు మూస్తే మిగతావాటితోనే సర్దుకోవాలి. ఈ సమన్వయాన్ని సాధనతో పెంచుకోవచ్చు. అమెరికాలో 195 మంది పార్కిన్సన్స్ రోగులపై జరిపి 2012లో ప్రచురించిన పరీక్షలో, వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు తాయ్ చీ (నెమ్మదిగా సాగే చైనా వ్యాయామం) చేసినవారికి నిలకడ పెరిగింది.

• కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుమీద నిలిచి తాళం తప్పకుండా కదులుతుంది, కళ్లతో, చేతులతో అభినయిస్తుంది. అడుగులు గుర్తుపెట్టుకోవడం, పాట వినడం, భావం పలికించడం.. అన్నీ ఒకేసారి! న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి 2003లో ఫలితాలు వెల్లడించారు. శారీరక కార్యకలాపాల్లో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు తక్కువగా కనిపించింది తరచూ నృత్యం చేసేవారిలోనే.

• ఆసనాలు వేస్తున్నామని నడక మానొద్దు. 120 మంది వృద్ధులపై జరిపి 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాదిపాటు నడిచినవారికి జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది. కండరాలు సాగదీసే వ్యాయామాలే చేసినవారికి తగ్గింది.

• గ్లకోమా ఉన్నవారు శీర్షాసనం జోలికి వెళ్లకూడదు. తలకిందులైతే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది.

• మధుమేహంపై యోగా ప్రభావాన్ని హైదరాబాద్ వైద్యులు దశాబ్దాల కిందటే పరిశోధించారు. ఉస్మానియా వైద్య కళాశాల ఆచార్యులు డాక్టర్ బి.కె.సహాయ్ వారిలో ప్రముఖులు. షుగర్ అదుపులో ఉంటే మెదడుకూ రక్షే. మనం మార్చుకోగల 14 ముప్పులను తొలగిస్తే దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ తేల్చింది. వాటిలో మధుమేహం, రక్తపోటు, వ్యాయామ లేమి, ఒంటరితనం ఉన్నాయి. హైదరాబాద్‌లోని సంజీవయ్య పార్కులాంటి చోట నలుగురితో కలిసి చేసే నడక, యోగా ఈ నాలుగింటినీ ఒకేసారి ఎదుర్కొనే మార్గం. ఏ వయసులో మొదలుపెట్టినా మేలే!