దగ్గరకు తీసినవాళ్ళే గట్టిగా అడగాలి

కర్ణాటకలోని మంచేనహళ్ళి చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది పిల్లలకు ఇంట్లో మాట తెలుగు, బడిలో పాఠం కన్నడం. ఒకటో తరగతి పిల్ల లెక్కకు జవాబు తెలుగులో చెబుతుంది. ఇంటి మాటను వెక్కిరిస్తే ఆ పిల్ల మళ్ళీ నోరు తెరవదు. "పాపం, తెలుగింటి పిల్ల" అని ఏమీ అడగకుండా వదిలేసినా నష్టం ఆమెకే. "జవాబు బాగా చెప్పినావమ్మా, ఇప్పుడు అదే కన్నడంలో చెప్పు" అనే టీచరమ్మ దగ్గర రెండు భాషలూ నిలుస్తాయి.

ఇలా దగ్గరకు తీసి గట్టిగా అడగడానికి ఈ నేల మీది పెద్ద ఉదాహరణ హెచ్. నరసింహయ్య. 1920లో గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పేదింట్లో పుట్టాడు. తల్లి కూలికి వెళ్ళేది. మిడిల్ స్కూల్ అయ్యాక చదువు ఆగే పరిస్థితి వస్తే హెడ్‌మాస్టరు అండగా నిలిచాడు. బెంగళూరుకు నడిచి వెళ్ళి, 1935లో బసవనగుడి నేషనల్ హైస్కూల్లో చేరాడు. మరుసటేడు గాంధీజీ ఆ బడికి వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని కన్నడంలో చెప్పే పని ఈ పల్లె కుర్రాడికే దక్కింది. పేదవాడని జాలిపడి అన్నం పెట్టడం ఒక ఎత్తు. అంత సభలో నిలబెట్టి "నువ్వు చెప్పగలవు" అనడం మరో ఎత్తు. ఆ బడిలో ఆయనకు ఆ రెండోది కూడా దొరికింది.

తర్వాత ఆయన అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేశాడు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. అయినా బతికినంత కాలం నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలోనే, పిల్లల మధ్యే ఉన్నాడు. అంత దగ్గరగా ఉంటూనే, ఎవరు చెప్పినా సరే ప్రశ్నించకుండా నమ్మవద్దని వాళ్ళను పట్టుబట్టి అడిగేవాడు. గౌరిబిదనూరు, బాగేపల్లి పిల్లలకు ఊరి దగ్గరే నేషనల్ కాలేజీలు రావడం వెనక ఆయన పట్టుదల ఉంది.

అమెరికాలో డేవిడ్ యేగర్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన కూడా, నమ్మకం చూపిస్తూ గట్టిగా అడిగితే పిల్లలు ముందుకు వస్తారని చూపింది. ఏడో తరగతి పిల్లల వ్యాసాలపై టీచర్లు దిద్దుబాట్లు రాశారు. కొందరి కాగితాలకు మాత్రం "నీ మీద నాకు పెద్ద అంచనాలున్నాయి, నువ్వు అందుకోగలవని తెలుసు, అందుకే ఇవి రాశాను" అనే అర్థం వచ్చే చీటీ జతచేశారు. ఆ చీటీ అందని నల్లజాతి పిల్లల్లో వ్యాసాన్ని మళ్ళీ రాసి తెచ్చినవాళ్ళు 17 శాతం, అందినవాళ్ళలో 70 శాతం పైనే. దిద్దుబాట్లు మాత్రం ఎవరికీ తగ్గించలేదు.

మన ఇళ్ళలో పెద్దలకు ఈ పరీక్ష ఎస్సెస్సెల్సీ (పదో తరగతి) ఫలితాల రోజున వస్తుంది. "పక్కింటి పిల్లను చూడు" అనే మాట ఒకవైపు, "పోనీలే, మన రాత ఇంతే" అనే మాట మరోవైపు. మొదటిది గుచ్చుతుంది. రెండోది మెత్తగా వినిపించినా, ఇక నీ వల్ల కాదని చెప్పేస్తుంది. కర్ణాటకలో 2024 నుంచి ఎస్సెస్సెల్సీకి ఒకే ఏడాదిలో ఒకటికి మించి పరీక్షలు పెడుతున్నారు. తప్పిన బిడ్డకు ముందు కడుపునిండా అన్నం పెట్టండి. మరునాడు పక్కన కూర్చుని, రెండో పరీక్షకు ఫీజు కట్టే తేదీ ఎప్పుడో కనుక్కోండి.