పస్తులుంచడమే పెంపకం

2024 ఏప్రిల్. బ్యాంకాక్ నుంచి బెంగళూరులో దిగిన ఓ ప్రయాణికుడి సామాను విప్పితే కస్టమ్స్ అధికారులకు పది పసుపు అనకొండలు కనిపించాయి. అంతకు ముందు ఏడాది ఇదే నెలలో చెన్నై విమానాశ్రయంలో, కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఓ మహిళ దగ్గర 22 పాములు, వాటితోపాటు ఒక ఊసరవెల్లి దొరికాయి. కొనేవాడు లేనిదే మోసేవాడు ఉండడు. దక్షిణ అమెరికా చిత్తడి నేలల్లో ఈదాల్సిన పాముకు మన నగరాల్లో గిరాకీ ఉందన్నమాట. పిల్లగా ఉన్నప్పుడు అది మూరెడే. పెరిగాక మూడు మీటర్ల పైమాటే.

పాముల బేరం నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలకు కొత్తేమీ కాదు. ఇక్కడ బేరమాడేది రెండు తలల పాముకు. మోత్కూర్ వైపు ఎర్ర చెలకల్లో, వాగు ఒడ్డు ఇసుకలో తలదాచుకునే ఈ అమాయక జీవికి ఉన్నది ఒక్క తలే. తోక మొద్దుగా ఉండటంతో అదీ తలేనని భ్రమపడతారు. ఇంట్లో ఉంటే లక్ష్మి నడిచొస్తుందని, లక్షలు పలుకుతుందని నమ్మించి అమ్మజూపేవాళ్లు, నమ్మి మోసపోయేవాళ్లు తెలంగాణ పోలీసులకు ఏటా తగులుతూనే ఉంటారు. ఆ బేరగాళ్లకు తెలియనిది ఒకటుంది. రెండు తలల పాము అనకొండకు దూరపు చుట్టం. రెండూ బోవా వంశానివే. రెండూ గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. రెండింటికీ విషం లేదు, ఎరను చుట్టుకుని బిగిస్తాయి. ఊపిరాడక ఎర చస్తుందని చాలాకాలం అనుకున్నారు. బిగింపుకు రక్త ప్రసరణ ఆగిపోయి నిమిషాల్లో ప్రాణం పోతుందని 2015లో బోవాల మీద జరిగిన పరిశోధన తేల్చింది.

ఇక మేత సంగతి. పాముకు మేత అనగానే మన కళ్లముందు కదిలేది పుట్టలో పోసే పాలు. పాము మాంసాహారి, పాలు దానికి అరగవు. పాములోళ్ల బుట్టలో పాము గిన్నెలో మూతి పెట్టిందంటే భక్తికి మెచ్చి కాదు, రోజుల తరబడి నీళ్లు లేక నాలుక పిడచగట్టి. నీళ్లు పెట్టినా అలాగే తాగుతుంది. అయితే పొరపాటు మనదొక్కరిదే అనుకోనక్కర్లేదు. వేల డాలర్లు పోసి అరుదైన పాములు పెంచే అమెరికా, ఐరోపా సరదారాయుళ్లు కూడా వాటిని చంపుకునేది ఎక్కువగా మేత దగ్గరే. ఆకలితో కాదు, అతిగా పెట్టి.

అమెజాన్ అడవుల ఎమరాల్డ్ ట్రీ బోవాను చూడండి. పుట్టినప్పుడు ఇటుక ఎరుపులోనో పసుపులోనో ఉండి, ఏడాది తిరిగేసరికి చిలకపచ్చకు మారుతుంది. వీపు మీద తెల్లని గీతలు. పగలంతా కొమ్మకు చుట్టలు చుట్టలుగా వేలాడేసుకుని, మధ్యలో తల ఆనించి కదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాక తల కిందికి వేలాడేస్తుంది. అప్పుడు పెంపకందారు చల్లపెట్టెలోంచి తీసి వేడినీళ్లలో వెచ్చబరచిన చచ్చిన ఎలుకను పొడవాటి పట్టకారుతో అందిస్తాడు. పెదవుల అంచున వరసగా ఉన్న గుంటలతో పాము ఆ వెచ్చదనాన్ని పసిగడుతుంది. మరుక్షణం ఎలుక గాల్లో ఉంటుంది. విషం లేని పాముల్లో ఇంత పొడవైన పళ్లు ఉన్నవి అరుదు. ఈకలు దాటి పక్షి ఒంట్లో దిగడానికే అంత పొడవు అని ఒకప్పుడు చెప్పుకున్నారు. ఈ పాముల కడుపులు కోసి చూసిన శాస్త్రవేత్తలకు దొరికినవి ఎక్కువగా ఎలుకలూ చిన్న క్షీరదాలే. తోకతో కొమ్మను పట్టుకుని, తలకిందులుగా వేలాడుతూనే, ఎలుకను తల వైపు నుంచి మింగేస్తుంది.

చూడముచ్చటగా తిందని వారం తిరక్కుండా ఇంకోటి పెట్టారా, అంతే సంగతులు. ఈ పాము ఒంట్లో అరుగుదల చాలా నిదానం. పెద్ద పాముకు మూడు నాలుగు వారాలకు ఒక చిన్న ఎలుక చాలు. అదీ పాము నడుము కంటే లావుగా ఉండకూడదు. మోతాదు మించితే సగం అరిగింది కక్కేస్తుంది. ఒకసారి కక్కడం మొదలైతే ఆ అలవాటు మానడం కష్టం, చిక్కి చిక్కి చస్తుంది. గది చల్లబడినా ఇదే ప్రమాదం. మింగింది అరగాలంటే పాముకు బయటి వేడి కావాలి, లేకుంటే కడుపులోనే కుళ్లుతుంది. అరిగించుకోవడం పాముకు ఎంత పెద్ద పనంటే, బర్మా కొండచిలువలో భోజనం చేసిన 48 గంటల్లో గుండె కండరం 40 శాతం పెరుగుతుందని 2005లో కొలిచి చెప్పారు. అందుకే అనుభవం ఉన్న పెంపకందారుడి గొప్పతనం పెట్టిన ఎలుకల లెక్కలో కాదు, చెయ్యి కట్టుకుని కూర్చున్న రోజుల్లో తెలుస్తుంది.

బ్రెజిల్ రెయిన్‌బో బోవాది ఇంకో తంటా. దాని పొలుసుల మీద కంటికందని సన్నని గీతలుంటాయి. వెలుగు పడితే ఒళ్లంతా ఇంద్రధనుస్సే. తిండికి పేచీ పెట్టదు, ఎలుకలు చక్కగా తింటుంది. దానికి కావాల్సింది గాలిలో తేమ, 75 శాతానికి తగ్గకుండా. మోత్కూర్‌లో మే నెల ఎండ 43 డిగ్రీలు దాటి, వడగాలికి తడి తువ్వాలు నిమిషాల్లో ఆరిపోయే రోజుల్లో ఆ పామును బతికించాలంటే ఏసీ, తేమ యంత్రం, థర్మోస్టాట్ రాత్రింబవళ్లు నడవాలి. పూట కరెంటు పోతే? ఈ ప్రశ్న వేసుకోకుండా పామును కొన్నవాడిని పెంపకందారు అనలేం.

ఫాల్స్ వాటర్ కోబ్రా కథ వేరు. దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా చిత్తడుల్లో తిరిగే ఈ పాము బెదిరితే మన నాగుపాములా మెడ వెడల్పు చేస్తుంది. చేపలు, కప్పలు, ఎలుకలు దేన్నీ వదలదు. చురుకైనది కాబట్టి బోవా కంటే తరచుగా పెట్టాలి, కానీ పెట్టిందల్లా తిని ఇట్టే కొవ్వెక్కుతుంది. వెనక కోరల్లో విషముంది. పట్టుకుని నమిలితే చెయ్యి వాచిపోతుంది.

మన వాకిట్లో ఉన్న మాట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. పాతలెక్కన మహబూబ్‌నగర్ జిల్లాలోదైన కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లో విన్స్ బయోప్రొడక్ట్స్ పాముకాటు మందు తయారుచేస్తుంది. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే విరుగుడును వేరుచేస్తారు. మన ఆస్పత్రుల్లో ఇచ్చే ఈ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర అనే నాలుగింటి కోసం. దక్షిణ అమెరికా పాము కాటేస్తే అది అక్కరకు రాదు.

ఆ ఖండపు పాముల పెంపకానికి పెద్ద బడి సావోపాలోలోని బుటాంటన్ సంస్థ. 1901లో మొదలైంది. తొలి అధిపతి వైటల్ బ్రెజిల్ రైతులతో ఒక ఒప్పందం నడిపాడు: పామును పెట్టెలో పెట్టి రైల్లో పంపండి, బదులుగా కాటు మందు పంపుతాం. ముసురానా అనే పాము అక్కడ అందరికీ ముద్దు. అది తినేది పాములనే, జరరాకా లాంటి విషసర్పాలను కూడా. 1913లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అక్కడికొచ్చి, ముసురానా జరరాకాను పట్టి మింగడం కళ్లారా చూసి తన పుస్తకంలో రాసుకున్నాడు. ఇలాంటి పామును పెంచేవాళ్లకు రోజూ పాములెక్కడివి? ఎలుకకు పాము కుబుసం రుద్ది, వాసనతో ఏమార్చి తినిపిస్తారు. జరరాకా కూడా తక్కువదేం కాదు. దాని విషం మీద జరిగిన పరిశోధనల నుంచే 1981లో అమెరికా ఆమోదం పొందిన బీపీ మందు కాప్టోప్రిల్ పుట్టింది. ఆ కుటుంబపు మాత్రలు ఇవాళ తెలంగాణలో ఎన్నో ఇళ్లలో పొద్దున్నే మింగుతున్నారు.

మన దేశంలో అనకొండలను చూడాలంటే దారులున్నాయి. 2014లో శ్రీలంకలోని దెహివల జూ నుంచి ఏడు ఆకుపచ్చ అనకొండలు తిరువనంతపురం జూకు వచ్చాయి. 2019లో మద్రాస్ క్రొకొడైల్ బ్యాంక్ నాలుగు పసుపు అనకొండలను కోల్‌కతా అలీపూర్ జూకు ఇచ్చింది. వీటిని సాకడం సిబ్బందికి నిత్య చాకిరీ. అనకొండ నీళ్లలోనే విసర్జిస్తుంది కాబట్టి తొట్టి నీళ్లు ఎప్పటికప్పుడు మార్చాలి, ఒళ్లు ఆరబెట్టుకునే చోటు ఉండాలి. తాబేళ్ల ఒంట్లో హాని చేయకుండా బతికే ఎంటమీబా అనే సూక్ష్మజీవి పాముకు సోకితే ప్రాణం తీస్తుంది. కాబట్టి రెంటికీ ఒకే చిమటాలు, ఒకే బకెట్లు వాడకూడదు.

చట్టమూ బిగిసింది. 2020 జూన్‌లో విదేశీ జీవులున్నవాళ్లు స్వచ్ఛందంగా చెప్పుకోవడానికి కేంద్రం ఆరు నెలల గడువిచ్చింది. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్న జాతులను నాలుగో షెడ్యూల్లో చేర్చింది. బోవాలు, అనకొండలు అందులోవే. 2024 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం అలాంటి జీవి దగ్గరుంటే పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి, పుట్టుకలూ చావులూ చేతులు మారడాలూ తెలపాలి. పాము కొనమని ఎవరైనా వస్తే ముందు అడగాల్సింది ధర కాదు, ఆ నమోదు కాగితం. చెలకలో రెండు తలల పాము కనిపిస్తే దాన్ని దాని దారిన పోనివ్వండి. బేరగాడు కనిపిస్తే మాత్రం అటవీ శాఖకు చెప్పండి.