కాలేయ కణాల మార్పిడి - దాత కణాన్ని పట్టి ఇచ్చే జన్యు గుర్తులు
(ప్రత్యేక వ్యాసం)

దెబ్బతిన్న కాలేయానికి దాత కణాలను అందించి పనిచేయించే చికిత్సపై ప్రపంచవ్యాప్తంగా పరిశోధనలు జరుగుతున్నాయి. తీవ్ర కాలేయ వైఫల్యానికి గురైన రోగులకు పిండ కాలేయ కణాలను అందించిన ఫలితాలను 1994లో హైదరాబాద్ వైద్యులు ప్రచురించారు. అయితే రోగి కోలుకున్నంత మాత్రాన అది దాత కణాల ఘనతేనని చెప్పజాలము. కాలేయానికి తిరిగి పెరిగే శక్తి సహజంగానే ఉన్నది. సూక్ష్మదర్శినిలో దాత కణం, రోగి కణం ఒకే తీరున కనిపిస్తాయి. కనుకనే జన్యు గుర్తులు అవసరమవుతున్నాయి.

దాత పురుషుడు, రోగి స్త్రీ అయినపుడు వై క్రోమోజోమ్ సులభమైన గుర్తు. వెలుగునిచ్చే రంగు జోడించిన డిఎన్ఎ శకలం దానికి అతుక్కొని, కణకేంద్రకంలో చుక్కగా కనిపిస్తుంది. ఇరువురూ ఒకే లింగానికి చెందినవారైతే, నేర పరిశోధనలో వలె, వ్యక్తికీ వ్యక్తికీ భిన్నంగా ఉండే డిఎన్ఎ భాగాలను పోల్చి, కణజాలంలో దాత కణాల పాలు ఎంతో నిర్ధారిస్తారు. ప్రయోగశాలల్లో ఎఫ్344 ఎలుకలలో డిపిపి-4 ఎంజైము జన్యుపరంగా లోపించిన వంశాన్ని వాడుతున్నారు. వాటికి ఆ ఎంజైము గల కాలేయ కణాలను ఎక్కించి రంగు పరీక్ష జరిపితే, దాత కణాలు మాత్రమే రంగు దేలుతాయి.

ఐతే ఒక్క గుర్తుపై ఆధారపడడం పొరపాటుకు దారితీయవచ్చు. పురుషుల ఎముక మజ్జను స్వీకరించిన స్త్రీల కాలేయంలో వై క్రోమోజోమ్ గల కణాలు ఉన్నట్లు 2000లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. మజ్జ కణాలే కాలేయ కణాలుగా మారుతున్నాయన్న ఆశ అప్పట్లో బలపడింది. 2003లో రెండు అమెరికన్ బృందాలు చుంచెలుకలలో దాత గుర్తుతోపాటు గ్రహీత గుర్తును కూడా పరీక్షించాయి. మజ్జ నుంచి వచ్చాయనుకున్న కాలేయ కణాలలో రెండు గుర్తులూ కనిపించాయి. అంటే, దాత కణాలు కాలేయ కణాలుగా మారలేదు. గ్రహీత కాలేయ కణాలతో కలిసిపోయాయి. కుమారుని గర్భంలో మోసిన తల్లి శరీరంలో మగ శిశువు కణాలు ఏళ్ల తరబడి నిలిచి ఉండవచ్చు కనుక, స్త్రీలలో వై క్రోమోజోమ్ కనిపించినా దాత కణమేనని వెంటనే నిర్ణయించరాదు.

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2017లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులలో ఆమోదం పొందిన మజ్జ మార్పిడి మినహా, మూలకణాల వినియోగం క్లినికల్ ట్రయల్స్‌కే పరిమితం. ఈ దృష్ట్యా, నూతన చికిత్స ప్రకటన వెలువడినపుడు పాత్రికేయులు, అధికారులు మూడు ప్రశ్నలు అడగడం సముచితం: దాత కణాన్ని ఏ గుర్తుతో గుర్తించారు? అదే కణంలో రోగి గుర్తు లేదని పరీక్షించారా? ఎన్ని కణాలను లెక్కించారు? వీటికి సమాధానం లేని ప్రకటనను నమ్మి ప్రచారం చేస్తే, నష్టపోయేది ఆశతో ఎదురుచూసే రోగి కుటుంబమే.

జారీ: పౌర సంబంధాల అధికారి, సమాచార, పౌర సంబంధాల శాఖ, హైదరాబాద్.